నాగలి ఒకరిది, నగదు ఇంకొకరిది

తొలకరి పడగానే మన పల్లెల్లో రెండు రకాల ఎదురుచూపులు మొదలవుతాయి. పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాడు బ్యాంకు నుంచి రావలసిన సందేశం కోసం సెల్‌ఫోన్ వైపు చూస్తాడు. పాసుపుస్తకం లేకుండా పొలం దున్నేవాడు షావుకారు గుమ్మం వైపు చూస్తాడు. మొదటివాడి ఖాతాలో సర్కారు 'పంట పెట్టుబడి సాయం' జమ చేస్తుంది. రెండోవాడు నూటికి రెండో మూడో వడ్డీకి అప్పు తెచ్చి, విత్తనాలు కొని, ఎరువులు వేసి, మందులు కొట్టి పంట పండిస్తాడు. ఆ పంటలోంచే మొదటివాడికి కౌలు చెల్లిస్తాడు. సాయానికి పెట్టుబడి అని పేరు పెట్టారు. అది చేరుతున్నది మాత్రం పెట్టుబడి పెట్టని చేతికి.

ఈ రెండోవాడి వరుసలో నిలబడినవారిలో ముస్లింలు ఎందరు? తెలంగాణ గానీ, ఆంధ్రప్రదేశ్ గానీ, కేంద్రం గానీ ఈ ప్రశ్నకు ఇంతవరకు జవాబు చెప్పలేదు. అడగవలసిన మనం కూడా గట్టిగా అడగలేదు. రిజర్వేషన్ల గురించి, ఉర్దూ గురించి, ఉపకార వేతనాల గురించి, వక్ఫ్ ఆస్తుల గురించి మనం సభలు పెట్టాం, ధర్నాలు చేశాం; అవన్నీ అవసరమైనవే. కానీ మన రాష్ట్రాల బడ్జెట్లలో అతి పెద్ద నగదు పంపకాల్లో ఒకటైన రైతు సాయం గ్రామీణ ముస్లిం గడప దాటి ఎందుకు పోతున్నదో మాత్రం మన ఎజెండాలోకి రాలేదు. ఈ వ్యాసం ఆ లోటు గురించి. దానికి సర్కారు ఎంత బాధ్యతో, మనం ఎంత బాధ్యులమో నిర్మొహమాటంగా మాట్లాడుకుందాం.

పట్టా చుట్టూ తిరిగే పైకం

2018 మే నెలలో అప్పటి తెలంగాణ ప్రభుత్వం రైతుబంధును ప్రారంభించింది. మొదట ఎకరాకు, పంటకాలానికి రూ. 4 వేలు, 2019 నుంచి రూ. 5 వేలు. ఏడాదికి రెండు పంటకాలాలు గనుక ఎకరాకు రూ. 10 వేలు. భూమి విస్తీర్ణానికి పరిమితి పెట్టలేదు. పట్టా ఉంటే చాలు, సాగు చేశారా లేదా అన్న ప్రశ్న లేదు. ఆ లెక్కన యాభై ఎకరాల ఆసామికి ఏడాదికి రూ. 5 లక్షలు వచ్చాయి. ఎకరం ఉన్న చిన్న రైతుకు రూ. 10 వేలు వచ్చాయి. ఐదెకరాలు కౌలుకు చేసుకునే వాడికి ఒక్క రూపాయి రాలేదు. కౌలు అనేది యజమానికీ కౌలుదారుకీ మధ్య సొంత వ్యవహారమనీ, అందులో ప్రభుత్వం తలదూర్చదనీ ఆనాటి పాలకులు బాహాటంగానే ప్రకటించారు.

ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వమే పాత లెక్కలు తీసింది. సాగులో లేని భూములకు రూ. 20 వేల కోట్లకు పైగా రైతుబంధు వెళ్లిందని అసెంబ్లీ సాక్షిగా చెప్పింది. రాళ్లకూ గుట్టలకూ, ప్లాట్లుగా మారిన వెంచర్లకూ పెట్టుబడి సాయం అందిందన్న మాట. రాయి రప్పలకు అందిన సాయం చెమటోడ్చిన మనిషికి ఎందుకు అందలేదో ఆనాటి వారూ చెప్పలేదు, లెక్కలు తీసినవారూ చెప్పలేదు.

ఎందుకంటే కొత్త ప్రభుత్వం కూడా ఆ దారినే పట్టింది. 2023 ఎన్నికల ముందు కాంగ్రెస్ పార్టీ తన ఆరు గ్యారంటీల్లో రైతులకూ కౌలు రైతులకూ ఎకరాకు ఏటా రూ. 15 వేలు ఇస్తామన్నది. వ్యవసాయ కూలీలకు రూ. 12 వేలు ఇస్తామన్నది. 2025 జనవరి 26న రైతు భరోసా మొదలైంది. అయితే రూ. 15 వేలు రూ. 12 వేలయ్యాయి, 'కౌలు రైతు' అన్న మాట మార్గదర్శకాల్లో కనబడకుండా పోయింది. హామీ పత్రంలో ఉన్న మనిషి అమలు పత్రంలో లేడు.

అదే రోజు కూలీల కోసం ఇందిరమ్మ ఆత్మీయ భరోసా తెచ్చారు. సొంత భూమి లేని కుటుంబమై ఉండాలి, ఉపాధి హామీ పథకంలో ఏడాదిలో కనీసం ఇరవై రోజులు పనిచేసి ఉండాలి అన్నారు. ఇప్పుడు కౌలుదారును ఈ రెండు పథకాల మధ్య నిలబెట్టి చూడండి. పట్టా లేదు గనుక రైతు కాడు. తెల్లవారింది మొదలు తాను కౌలుకు తీసుకున్న చేనులోనే ఉండి ఉపాధి పనికి పోలేదు గనుక కూలీ కాడు. ఒక గుమ్మం దగ్గర 'నీకు భూమి లేదు' అంటారు. ఇంకో గుమ్మం దగ్గర 'నీకు పని దినాలు లేవు' అంటారు. రోజంతా భూమి మీదే పనిచేసే మనిషికి భూమీ లేదు, పనీ లేదని రెండు కాగితాలు తేల్చేశాయి.

కేంద్రం 2019లో తెచ్చిన పీఎం కిసాన్ కథా ఇంతే. ఏటా రూ. 6 వేలు భూమి తమ పేరున ఉన్న రైతు కుటుంబాలకే. కౌలుదారుకు చోటు లేదు. సంస్థల పేరున ఉన్న భూములకు వర్తించదు. ఈ చివరి నిబంధనను గుర్తుపెట్టుకోండి. వక్ఫ్ భూముల దగ్గర మళ్లీ దాని అవసరం వస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో కొంత తేడా ఉంది, దానిని ఒప్పుకోవాలి. 2019లో మొదలైన వైఎస్సార్ రైతు భరోసాలో సొంత భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకు కూడా ఏటా రూ. 13,500 ఇస్తామని నిబంధనల్లోనే రాశారు. మన పేరు ఒక రైతు పథకం నిబంధనల్లో కనిపించడం అరుదైన విషయం. కానీ అదే ఏడాది వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ఆ తలుపుకు తాళం వేసింది. పదకొండు నెలల సాగుదారు కార్డు కావాలంటే ఒప్పంద పత్రం మీద భూ యజమాని సంతకం తప్పనిసరి. సంతకం పెడితే సాయం ఎక్కడ చేజారుతుందో, భూమి మీద ఏ హక్కు పుడుతుందో అని యజమాని జంకుతాడు. గట్టిగా అడిగితే వచ్చే ఏడాది పొలం ఇంకొకరికి పోతుంది. కార్డు కోసం కౌలును పోగొట్టుకునే ధైర్యం ఎవరికుంటుంది? 2025 ఆగస్టు 2న ఇప్పటి ప్రభుత్వం అన్నదాత సుఖీభవ తొలి విడత కింద, పీఎం కిసాన్ సొమ్ముతో కలిపి రూ. 7 వేలు జమ చేసిన నాడు కూడా కౌలుదారుకు దక్కింది 'తర్వాత ఇస్తాం' అన్న మాటే.

చావులోనూ పట్టాయే

సాయం ఒక్కటే అయితే ఏదో తిప్పలు పడి బతకొచ్చు. పట్టా లేనివాడికి బ్యాంకు పంట రుణం దొరకడం కష్టం. పంట నష్టపోతే పరిహారం పట్టాదారు పేరున వస్తుంది. పంట అమ్ముకోవాలన్నా పలుచోట్ల యజమాని పాసుపుస్తకం అరువు తెచ్చుకోవాలి; అప్పుడు సొమ్ము ఆయన ఖాతాలో పడుతుంది, ఆయన కౌలు పట్టుకుని మిగిలింది ఇస్తాడు.

2018 ఆగస్టు 15 నుంచి తెలంగాణలో అమలవుతున్న రైతుబీమా పద్దెనిమిది నుంచి యాభై తొమ్మిదేళ్ల మధ్య వయసున్న పట్టాదారు ఏ కారణంతో మరణించినా ఆ కుటుంబానికి రూ. 5 లక్షలు ఇస్తుంది. మంచి పథకమే. కానీ ఒకే ఊళ్లో, ఒకే వారంలో ఇద్దరు రైతులు చనిపోయారనుకోండి. ఒకరు పట్టాదారు, మరొకరు కౌలుదారు. మొదటి ఇంటికి బీమా సొమ్ము వస్తుంది. రెండో ఇంట్లో భార్య నాలుగు నెలల పది రోజుల ఇద్దత్‌లో కూర్చుని, గడప బయట అప్పులవాళ్ల మాటలు వింటూ ఉంటుంది. ఆమె భర్త కూడా రైతే. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, సర్కారు రికార్డుకే తెలియదు.

ఇది ఊహతో చెప్పే మాట కాదు. తెలంగాణలో రైతు ఆత్మహత్యలు జరిగిన 692 కుటుంబాలను రైతు స్వరాజ్య వేదిక 2018లో పరిశీలించినప్పుడు, ప్రాణాలు తీసుకున్న వారిలో దాదాపు 75 శాతం కౌలుదారులేనని తేలింది. ఆ వేదికే తర్వాత రాష్ట్రంలోని గ్రామాల్లో జరిపిన మరో సర్వేలో సాగు చేస్తున్నవారిలో మూడో వంతుకు పైగా కౌలుదారులున్నారని వెల్లడైంది. సాగుదారుల్లో మూడో వంతు, చావుల్లో మూడు వంతులు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరమే సర్కారు సాయం చేరని చోటు.

'ఇతరులు' అనే గదిలో మనం

'ఇది కౌలుదారుల సమస్య, ముస్లింల సమస్య ఎలా అవుతుంది?' అని కొందరు అడుగుతారు. దళిత కౌలుదారుకూ, ఆదివాసీ సాగుదారుకూ, బీసీ కౌలుదారుకూ ఇదే అన్యాయం జరుగుతున్నది, నిజం. వారి పోరాటం మన పోరాటమే. కానీ మన విషయంలో ఇంకో ముడి ఉంది. మనం లెక్కలోనే లేం.

దేశంలో ఐదేళ్లకోసారి వ్యవసాయ గణన జరుగుతుంది. కమతాలు ఎవరి చేతిలో ఉన్నాయో అది ఎస్సీ, ఎస్టీ, సంస్థలు, ఇతరులు అని విడదీసి చెబుతుంది. ఆ 'ఇతరులు' అనే గదిలో వందల ఎకరాల భూస్వామీ ఉంటాడు, అరెకరం నూర్‌బాషా రైతూ ఉంటాడు. ఇద్దరినీ కలిపి సగటు తీస్తే ఏం వస్తుంది? భూస్వామి నీడలో పేదవాడు కనబడకుండా పోతాడు. తెలంగాణ జనాభాలో 12.7 శాతం ఉన్న సముదాయం చేతిలో ఎంత సాగుభూమి ఉందో, ఎందరు కౌలుకు చేస్తున్నారో, రైతు సాయంలో ఎంత వాటా చేరిందో ఏటేటా చెప్పే ప్రభుత్వ పత్రం ఏదీ లేదు. 2006లో సచార్ కమిటీ దేశం ముందు పెట్టిన ముఖ్యమైన విషయాల్లో ఒకటి ఇదే: లెక్కలు విడదీసి చూడనిదే వెనుకబాటు కంటికి ఆనదు. ఆ కమిటీ జనగణననూ జాతీయ నమూనా సర్వేలనూ విడదీసి చూపింది గనుకనే మన చదువుల, కొలువుల దుస్థితి చర్చకు వచ్చింది. మన పొలాల సంగతి మాత్రం ఇంకా మూసిన దస్త్రంలోనే ఉంది.

దీనికి తోడు ఒక అపోహ. తెలుగునాట ముస్లిం అనగానే చాలామందికి నగరం గుర్తొస్తుంది, లేదా నవాబులు గుర్తొస్తారు. జాగీర్లు 1949లోనే రద్దయ్యాయి. వాటితో ఏ సంబంధమూ లేని దూదేకులవారు, లద్దాఫులు, ఫకీర్లు, పల్లెల్లో కూలి చేసుకు బతికే షేక్‌లు, సయ్యద్‌లు ఆ జాగీర్ల కాలంలోనూ పేదలే, నేడూ పేదలే. దూది ఏకే పని పోయి, పరుపులు కుట్టే పని తగ్గి, ఎడ్లబండి పని ఆగిపోయాక వీరిలో ఎందరో కౌలు సేద్యంలోకి వచ్చారు. తాతల నాటి భూమి లేకపోవడం వల్లనే వచ్చారు. భూమి లేనందుకు కౌలుకు వచ్చినవాడికి భూమి లేదన్న కారణంతోనే సాయం ఎగ్గొట్టడం ఏ న్యాయం?

'పట్టాకు మతం లేదు, నిబంధన అందరికీ ఒకటే' అనేవారికి మా జవాబు ఇది. నిబంధనలో మతం లేకపోవచ్చు. తరతరాలుగా భూమి దక్కనివారిని వదిలేసే నిబంధన, భూమి దక్కని ప్రతి సముదాయాన్నీ వదిలేస్తుంది. గేటు మీద పేరు రాయకుండానే ఎవరు లోపలికి రాకూడదో నిర్ణయించవచ్చు.

వక్ఫ్ భూమి మీద సాగుదారు

ఇక మన ఇంటి సంగతికి వద్దాం. ఊరి మస్జిద్‌కు, దర్గాకు, ఆషుర్‌ఖానాకు, పీర్ల చావిడికి ఉన్న మాన్యాలు తెలుగు నేల అంతటా ఉన్నాయి. పేష్ ఇమాముకూ, ముజావరుకూ, ఖాజీకీ సేవకు ప్రతిఫలంగా ఇచ్చిన ఇనాం భూములున్నాయి. ఆక్రమణలు పోగా మిగిలిన వాటిని దున్నుతున్నది ఎవరు? చాలాచోట్ల పేద ముస్లిం కుటుంబాలు, వారితోపాటు దళిత, బీసీ కుటుంబాలు.

తెలంగాణలో ధరణి వచ్చాక వక్ఫ్ భూములను నిషేధిత జాబితాలో పెట్టారు. అమ్మకాలు ఆగడానికి ఆ జాబితా కావలసిందే. దాన్ని ఎత్తివేయాలని మేము అనడం లేదు. కానీ ఆ భూములకు వ్యక్తుల పేరున పాసుపుస్తకం రాదు. పాసుపుస్తకం లేనిదే రైతుబంధు రాలేదు, రైతు భరోసా రాదు. పీఎం కిసాన్ సంస్థల భూములను మొదటే పక్కన పెట్టింది. ఫలితంగా అల్లాహ్ పేరున వదిలిన భూమిని దున్నేవాడికి రాష్ట్రం సాయమూ లేదు, కేంద్రం సాయమూ లేదు. దేవాలయ మాన్యాలు దున్నే పేదలదీ ఇదే గతి అని కూడా న్యాయంగా చెప్పుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పథకం దేవాదాయ, ఇనాం భూముల సాగుదారులను కూడా పరిగణించింది. ఒక రాష్ట్రంలో వీలైంది పక్క రాష్ట్రంలో వీలు కాదంటే నమ్మేదెలా?

సర్కారును ఇంతగా నిలదీసే మనం అద్దంలో కూడా చూసుకోవాలి. మస్జిద్ భూమిని ఏటా వేలం వేసే కమిటీలు ఎన్ని చోట్ల రాతపూర్వక కౌలు పత్రం ఇస్తున్నాయి? ఎన్ని చోట్ల సాగుదారు కార్డు కోసం ముతవల్లీ సంతకం పెట్టాడు? వేలంలో పాట పెరిగితే మస్జిద్‌కు ఆదాయం పెరిగిందని సంతోషిస్తాం. ఆ ఏడాది వాన పడకపోతే పాట పాడినవాడి పిల్లలు ఏం తిన్నారో కమిటీలో ఎవరైనా అడిగారా? హైదరాబాదులో స్థిరపడినవారు, గల్ఫ్‌కు వెళ్లి ఊళ్లో నాలుగెకరాలు కొనుక్కున్నవారు మనలోనూ ఉన్నారు. పొలం కౌలుకిచ్చి, సర్కారు సాయం తమ ఖాతాలోకి తీసుకుని, కౌలులో ఒక్క రూపాయి తగ్గించనివారూ ఉన్నారు. ఈ అన్యాయంలో లాభపడుతున్న చెయ్యి మనదే అయినప్పుడు, దాన్ని అన్యాయం అనకుండా ఉండలేం.

మన ధర్మం ఈ విషయంలో మౌనంగా లేదు. దైవప్రవక్త (స) ఖైబర్ భూములను అక్కడి సాగుదారుల చేతిలోనే ఉంచి, పంటలో సగం అన్న ఒప్పందం చేసుకున్నారు. అది చాటు మాటు ఒప్పందం కాదు. అందరికీ తెలిసిన షరతులతో జరిగినది. అప్పు ఇచ్చిపుచ్చుకున్నప్పుడు రాసుకోవాలనీ, సాక్షులను పెట్టుకోవాలనీ దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరాలో వివరంగా ఆదేశించింది. మరి ఒక కుటుంబం ఏడాది కష్టం ముడిపడి ఉన్న కౌలును నోటిమాట మీద ఎందుకు వదిలేస్తున్నాం? ఉశ్ర్ విషయం చూడండి. వానకు పండిన పంటలో పదో వంతు, నీరు తోడి పండించిన పంటలో ఇరవయ్యో వంతు పేదల హక్కు. కౌలు భూమి మీద ఈ బాధ్యత ఎవరిదన్న చర్చలో ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయం వేరైనా, ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్‌లతో సహా అధిక సంఖ్యాక పండితులు సాగుదారుడిదే అన్నారు. పంట పండించినవాడే పంటకు బాధ్యుడని వారి ఉద్దేశం. బాధ్యత మోయడానికి పనికివచ్చిన సాగుదారు సాయం అందుకోవడానికి పనికిరాడా?

సాకులు, సమాధానాలు

మొదటి సాకు: నిజమైన సాగుదారును గుర్తించడం కష్టం. ఇది నిలబడే మాట కాదు. తెలంగాణలో ప్రతి పంటకాలంలో వ్యవసాయ విస్తరణ అధికారులు పంటల నమోదు చేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-క్రాప్ ఉంది. ఏ సర్వే నంబరులో ఏ పంట వేశారో రాసుకునే అధికారి, ఆ పంట వేసినదెవరో అడిగి రాసుకోలేడా? ఒకప్పుడు పహాణీలోనూ అడంగల్‌లోనూ అనుభవదారు కాలమ్ ఉండేది. గ్రామ అధికారి పొలం మీదికి వెళ్లి కాస్తు ఎవరిదో రాసేవాడు. తెలంగాణలో 2017 తర్వాత భూరికార్డుల ప్రక్షాళన, ధరణి పేరుతో ఆ కాలమ్‌ను తీసేశారు. గుర్తించే గడిని ముందు తామే చెరిపేసి, ఇప్పుడు గుర్తించడం కష్టమంటున్నారు.

రెండో సాకు: కౌలుదారును నమోదు చేస్తే యజమాని హక్కు పోతుంది. ఈ భయానికి చరిత్ర ఉంది. హైదరాబాదు రాష్ట్రంలో 1950 నాటి కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదార్లకు హక్కులిచ్చింది. ఆ జ్ఞాపకం ఇంకా భూయజమానులను వెంటాడుతోంది. అందుకే 2011లో ఉమ్మడి రాష్ట్రంలో తెచ్చిన సాగుదారుల చట్టం రుణ అర్హత కార్డు ఇస్తూనే, దానివల్ల భూమి మీద ఎలాంటి హక్కూ రాదని స్పష్టంగా చెప్పింది. 2019 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం కూడా అదే చెప్పింది. 2011 చట్టం యజమాని సంతకం మీద ఆధారపడకుండా సాగుదారును గుర్తించే వీలు కల్పించింది. తెలంగాణ ఏర్పడ్డాక దానిని రద్దు చేయకుండానే అటకెక్కించారు. చట్టం పుస్తకంలో బతికే ఉంది, మండల కార్యాలయంలో చచ్చిపోయింది.

మూడో సాకు: యజమానికీ ఇచ్చి కౌలుదారుకూ ఇవ్వడానికి ఖజానాలో డబ్బు లేదు. ఇద్దరికీ ఇవ్వమని ఎవరడిగారు? పెట్టుబడి సాయం పెట్టుబడి పెట్టినవాడికి ఇమ్మంటున్నాం. సాగులో లేని భూములకు పోసిన వేల కోట్ల గురించి చెప్పిన నోటితో కౌలుదారుకు డబ్బు లేదనడం తగదు. కౌలుకిచ్చిన చిన్న రైతు, ముసలి తల్లిదండ్రులు, వితంతువులు నష్టపోతారన్న ఆందోళన నిజమైనదే. వారిని పింఛన్లతో ఆదుకోవాలి, చిన్న కమతాలకు మినహాయింపులు ఇవ్వాలి. వారి పేరు చెప్పి యాభై ఎకరాల ఆసామిని కాపాడటం మాత్రం పేదల మీద ప్రేమ అనిపించుకోదు.

మనం చేయవలసినది

ప్రభుత్వాలను అడగవలసినవి స్పష్టంగా ఉన్నాయి. పంటల నమోదులో సాగుదారు కాలమ్ పెట్టాలి. యజమాని సంతకం షరతు లేకుండా, గ్రామసభలో పేర్లు చదివి ఖరారు చేయాలి. ఊళ్లో ఎవరి చేను ఎవరు దున్నుతున్నారో గ్రామసభకు తెలియనిది కాదు. పెట్టుబడి సాయం, పంట రుణం, నష్టపరిహారం, రైతుబీమా ఆ నమోదు ఆధారంగా అందాలి. వక్ఫ్, దేవాదాయ భూముల సాగుదారులకు భూమి యాజమాన్యాన్ని ముట్టుకోకుండానే సాగుదారు కార్డు ఇవ్వాలి. రైతు సాయం లబ్ధిదారుల వివరాలను సామాజిక వర్గాల వారీగా, మైనారిటీలను విడిగా చూపుతూ ఏటా ప్రకటించాలి. మైనారిటీ కమిషన్లు ఈ లెక్కలు కోరాలి. కోరకపోతే సమాచార హక్కు చట్టం కింద మండలానికొక దరఖాస్తు మనమే పెట్టాలి.

మన ఇంట్లో చేయవలసిన పనికి ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అక్కరలేదు. వచ్చే జుమా నాడు మీ మస్జిద్‌లో ఒక ప్రశ్న అడగండి: మన మస్జిద్ భూమి ఎవరు దున్నుతున్నారు, వారి చేతిలో కాగితం ఉందా? లేకపోతే ఒప్పందం రాయించండి. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవారు సాగుదారు కార్డు పత్రం మీద సంతకం పెట్టండి. పంట పోయిన ఏడాది కౌలులో తగ్గింపు ఉంటుందని ఒప్పందంలోనే రాయండి. పొలం కౌలుకిచ్చిన ముస్లిం సోదరులు తమ ఖాతాలో పడిన పెట్టుబడి సాయాన్ని కౌలులో తగ్గించుకోవడంతో మొదలుపెట్టవచ్చు. అది దానం కాదు, ఎవరి సొమ్ము వారికి చేర్చడం. జిల్లాల్లోని మన సంఘాలు ఊరూరా ముస్లిం కౌలుదారుల జాబితా తయారు చేయాలి: ఎవరు, ఎన్ని ఎకరాలు, ఎవరి భూమి, ఎంత కౌలు, ఎంత అప్పు, ఉపాధి హామీ జాబ్‌కార్డు ఉందా లేదా. సర్కారు లెక్క తీయకపోతే మన లెక్కే మొదటి లెక్క అవుతుంది.

ఈ పని ఒంటరిగా చేయవద్దు. పక్క చేను కౌలుదారు దళితుడైతే, బీసీ అయితే, ఆయన పేరు కూడా ఆ జాబితాలో రాయండి. తహసీల్దారు కార్యాలయానికి కలిసి వెళ్లండి. మన హక్కుల ఉద్యమం పల్లెకు చేరాలంటే పొలం గట్టు మీదుగా వెళ్లే ఈ దారి కంటే మంచిది లేదు.

యాసంగి నాట్లకు ముందు పట్టాదార్ల ఫోన్లు మళ్లీ మోగుతాయి. అప్పటికి మీ ఊళ్లో కనీసం ఒక్క కౌలుదారు చేతిలోనైనా అతని పేరు రాసి, మన కమిటీ సంతకం పెట్టిన కాగితం ఉండాలి. ఆ ఒక్క కాగితం పట్టుకుని మండల కార్యాలయం మెట్లెక్కినవాడిని 'నువ్వు రైతువేనా?' అని అడగడం ఏ అధికారికైనా కష్టమవుతుంది. ఆ కాగితం రాయడానికి కలం మన చేతిలోనే ఉంది.